రాగి రేకుకు కాపలా

నన్ను నాచారం పంపేటప్పుడు మా మేనేజరు చెప్పింది ఒక్కటే. "వాళ్ళు టీ ఇస్తే తాగు. మాట ఇస్తే మాత్రం నమ్మకు."

అప్పటికి నేను ఆ కంపెనీలో చేరి ఆరేళ్ళు. ఇన్వర్టర్లలో పెట్టే సీసం బ్యాటరీలు చేసే కంపెనీ అది. కొత్తగా లిథియం బ్యాటరీలు కూడా చేసి చూద్దామని ఒక చిన్న విభాగం తెరిచారు. వాటి లోపల వాడే రాగి రేకు బయటి దేశాల నుంచి రావాలి. వచ్చేసరికి నెలలు పట్టేది. నాచారం పారిశ్రామికవాడలో ఒక షెడ్డు వాళ్ళు మేం చేసి ఇస్తాం అంటే సరేనన్నారు. మొదటి రెండు విడతల సరుకూ తిప్పి పంపాల్సి వచ్చింది. ఒకచోట మందం, ఒకచోట పల్చన. వెలుతురుకి పట్టి చూస్తే సూదితో పొడిచినట్టు చిల్లులు. ఇక లాభం లేదు, మన మనిషి ఒకడు అక్కడే కూర్చుని ప్రతి చుట్టా చూసి సంతకం పెట్టాకే లారీ ఎక్కాలి అని పైవాళ్ళు తీర్మానించారు. ఆ మనిషిగా నన్ను ఎంచారు.

నన్నే ఎందుకంటే నా అనుమానం కంపెనీ అంతా తెలుసు. కూరగాయల బండి దగ్గర తక్కెడ పళ్ళాలు అటూ ఇటూ మార్పించి మళ్ళీ తూయించే రకాన్ని. కండక్టరు టికెట్టు ఇస్తే దాని మీద తేదీ చదువుకునేవాణ్ణి. ఇంట్లో మా ఆవిడ దీన్ని జబ్బు అనేది. మేనేజరు అర్హత అన్నాడు.

ఆవిణ్ణీ పిల్లవాణ్ణీ తెనాలిలో మా అత్తగారింట్లో ఉంచి, ఉప్పల్లో ఒక రిటైరైన రైల్వే ఆయన మేడ మీద గది తీసుకున్నాను. పొద్దున్నే షేర్ ఆటోలో నాచారం.

షెడ్డు మెయిన్ రోడ్డు నుంచి మూడో సందులో ఉండేది. ఒకపక్క మందుల కంపెనీ, ఇంకోపక్క ప్లాస్టిక్ బకెట్లు పోసే యూనిట్టు. గాలి మళ్ళినప్పుడల్లా వాసన మారేది. లోపల నీలం నీళ్ళ తొట్టి. అందులో సగం మునిగి, అద్దంలా మెరిసే పెద్ద డ్రమ్ము, కదులుతోందా లేదా అన్నంత నెమ్మదిగా తిరుగుతుంటుంది. కరెంటు పారుతుంటే నీళ్ళలో కరిగి ఉన్న రాగి వచ్చి డ్రమ్ముకి పొరలా అంటుకుంటుంది. ఆ పొర నీళ్ళలోంచి పైకి రాగానే ఒలిచి, కడిగి, ఆరబెట్టి, అట్ట గొట్టానికి చుట్టేస్తారు. తలవెంట్రుక కంటే సన్నగా ఉంటుంది. దగ్గరగా నిలబడి గట్టిగా ఊపిరి వదిలితే లేచి అలలా కదులుతుంది. బ్యాటరీలోకి పోయే నల్లటి ముద్దను ఆ రేకు మీదే పూస్తారు. రేకు మీద ఎక్కడ మచ్చ ఉంటే అక్కడ ముద్ద పట్టదు, పెచ్చులూడుతుంది.

షెడ్డు యజమాని ఒక ప్రభుత్వరంగ సంస్థలో ఇంజనీరుగా చేసి, ముందే రిటైర్మెంటు తీసుకున్నాయన. సైనిక్‌పురి నుంచి పాత స్కూటరు మీద వచ్చేవాడు. వచ్చీ రాగానే తొట్టి దగ్గరకు వెళ్ళి ఇంట్లో పసిపిల్లను చూసినట్టు డ్రమ్మును చూసుకునేవాడు. తర్వాత ఆర్డర్ల కోసం ఊరు మీద పడేవాడు. తొట్టి దగ్గర పని చేసేది యాభై దాటిన మేస్త్రి. జనగామ వైపు మనిషి, పాతబస్తీలో ఇరవై ఏళ్ళు గిల్టు పని చేసి వచ్చాడు. ఇక చుట్టలు ప్యాక్ చేసేది ఒకావిడ. నలభై ఏళ్ళుంటాయి. మల్లాపూర్ నుంచి నడిచి వచ్చేది. ఆవిడ కంటే పెద్దవాడైన మేస్త్రితో సహా అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలిచేవారు.

మొదటి రోజు నేను గాజు బల్ల ముందు కూర్చున్నాను. కింద ట్యూబులైట్లు ఉన్న బల్ల అది. చుట్టలోంచి రెండు మూరల రేకు లాగి దాని మీద పరిస్తే చిల్లు ఎక్కడుందో చుక్కలా వెలుగుతుంది. అక్క వచ్చి తెల్లటి నూలు గ్లౌజుల జత నా ముందు పెట్టింది.

"గ్లౌజులు ఏస్కోన్రి సార్."

నేను వేసుకోలేదు. సీసం పలకలు తనిఖీ చేయడం నాకు నేర్పిన పాత సూపర్వైజరు ఒక మాట అనేవాడు: కన్ను మోసపోతుంది, వేలు మోసపోదు. పలక అంచులో గరుకుందా, మధ్యలో పొక్కుందా అన్నది వేలికొసతోనే తెలిసేది. గ్లౌజు తొడిగితే ఏం తెలుస్తుంది? తెలియకూడదనే ఇస్తున్నారు అనుకున్నాను.

"నా పని నాకు తెలుసమ్మా," అన్నాను.

ఆవిడ జత తీసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ తెచ్చి పెట్టింది. మూడో రోజు మేస్త్రి చెప్పాడు, "ఏస్కోన్రి సార్, మంచిగుంటది." ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారంటే ఇందులో ఏదో ఉంది అనిపించింది. అప్పట్నుంచి కావాలనే వాళ్ళ ముందు చొక్కా చేతులు మడిచి, వట్టి చేతులతో రేకు మీద తడిమేవాణ్ణి. వేసవి. షెడ్డు మీద రేకుల కప్పు. అరచేతులు ఎప్పుడూ చెమటతో తడిగానే ఉండేవి.

అవి ఉద్యమం రోజులు. నేను నోరు తెరిస్తే చాలు, ఎటువైపు వాణ్ణో తెలిసిపోయేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర నలుగురూ గట్టిగా మాట్లాడుకుంటూ ఉండేవారు. నేను డబ్బా పట్టుకుని వెళ్ళగానే గొంతులు తగ్గేవి. "రాన్రి సార్, కూసోన్రి," అని చోటు చూపించేవారు. ఎందుకు తగ్గాయి గొంతులు? నా గురించేనా? రాష్ట్రం గురించా? లేక చుట్టల్లో ఏదో చేస్తున్నారా? మూడూ కలిసి ఒకటే అనుమానంగా నా లోపల ముద్ద కట్టింది. ఇప్పుడు తలుచుకుంటే, కొత్తవాడి ముందు మనుషులు గొంతు తగ్గించడం మామూలే. తెనాలిలో మేమూ తగ్గించేవాళ్ళం.

మూడో విడత సరుకు సిద్ధమయ్యాక వారం పాటు బంద్. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర లారీలు కదల్లేదు. నేను సంతకం పెట్టిన చుట్టలు షెడ్డులోనే ఉండిపోయి, ఆ తర్వాత వెళ్ళాయి. వెళ్ళిన నాలుగో రోజు మేనేజరు ఫోన్.

"చిల్లులు లేవు. కానీ పై పొరల్లో గోధుమరంగు మచ్చలున్నాయి. నువ్వు చూస్తున్నావా, నిద్రపోతున్నావా?"

"నేను చూసినప్పుడు ఒక్క మచ్చ లేదండీ."

"అయితే నువ్వు చూసిందీ నాకొచ్చిందీ ఒకటి కాదన్నమాట."

ఆ మాట నా బుర్రలో దిగబడిపోయింది. అవును, మంచి చుట్ట నాకు చూపిస్తున్నారు. నేను సంతకం పెట్టి పక్కకు తిరగగానే నాసి చుట్ట పెట్టెలో పెడుతున్నారు. ఆ మర్నాటి నుంచీ ఒక పని మొదలుపెట్టాను. చూసిన ప్రతి చుట్టకీ, పై పొర అంచున, ఎవరికీ కనబడనంత సన్నగా, బాల్‌పెన్నుతో ఒక చుక్క. అట్ట గొట్టం లోపల పెన్సిల్‌తో ఒక గీత. ప్రతి చుట్ట బరువూ నా సొంత నోటుబుక్కులో.

తర్వాతి రెండు విడతల మీద ఒక్క ఫిర్యాదూ రాలేదు. మేనేజరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. నేను కాపలా ఉన్నానని భయపడ్డారు, దారికొచ్చారు అనుకుని మురిసిపోయాను. చుక్క పెట్టడం మాత్రం మానలేదు.

ఒకరోజు లారీ వచ్చింది. పెట్టెలు ఎక్కించే ముందు ఊరికే ఒకటి విప్పించి చూశాను. చుక్క లేదు. ఇంకోటి విప్పించాను. లేదు. ఎనిమిదింట్లో ఒక్కదానికీ లేదు. గొట్టం లోపల నా పెన్సిల్ గీతలు మాత్రం ఉన్నాయి. తూకం వేయించాను. నా నోటుబుక్కులో ఉన్నదాని కంటే ప్రతి చుట్టా కాస్త తక్కువ తూగింది.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. ప్యాక్ చేయించి పంపేశాను. మర్నాడు అన్నాల వేళ, తలనొప్పి అని చెప్పి యజమాని గదిలో కూర్చున్నాను. ఆ గది కిటికీలోంచి ప్యాకింగు బల్ల కనిపిస్తుంది. అందరూ తింటున్నారు. అక్క ఒక్కతే లేచి వచ్చింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, గ్లౌజులు తొడుక్కుంది. నేను పొద్దున సంతకం పెట్టిన చుట్టను బల్ల మీదికి తీసుకుంది. అటూ ఇటూ చూసింది. కత్తెర తీసి, పై పొరలు రెండు మూరల మేర కోసి మడిచి, బల్ల కిందికి వంగింది. మళ్ళీ లేచి చుట్టకి కాగితం చుట్టింది. రెండో చుట్ట కూడా అంతే.

దొరికింది! రాగి తుక్కు బజారులో ఊరికే పోదు. రోజుకు కొంచెం కొంచెం బల్ల కిందున్న తన సంచీలోకి పోతోంది. పోతూ పోతూ నా గుర్తునూ తీసుకుపోతోంది.

ఆ సాయంత్రమే హబ్సిగూడ నెట్ సెంటర్లో కోచింగు పిల్లల మధ్య కూర్చుని, కంపెనీకి రెండు పేజీల రిపోర్టు కొట్టాను. యజమానికి ఒక ప్రతి పంపమని రాశాను. మర్నాడు ఆయన మొహం నల్లబడి ఉంది. కంపెనీ కొత్త ఆర్డరు ఆపేసిందట, సంగతి తేలేవరకూ.

సాయంత్రం అందరూ ఇళ్ళకు బయల్దేరే వేళ, గేటు దగ్గర ఆయన అక్కను ఆపాడు. పక్క యూనిట్ల వాళ్ళు కూడా అప్పుడే బయటికొస్తున్నారు.

"సంచి జర చూపించమ్మా," అన్నాడు ఆమె కళ్ళలోకి చూడకుండా.

ఆవిడ సంచీని నేల మీద పెట్టి తనే ఒక్కొక్కటీ తీసింది. టిఫిన్ డబ్బా. మాత్రల పట్టీ. విరిగిన కాడకు దారం చుట్టిన కళ్ళజోడు. ఒక పాత చీర ముక్క. సంచీ తిరగేసి దులిపింది. ఏమీ రాలలేదు.

"నిన్న ఏం కోసినవ్?" అడిగాడు యజమాని.

"ఖరాబైన కాడ కోసిన. బల్ల కింది తుక్కు డబ్బాల ఏసిన. మేస్త్రి తూకమేసి రాసిండు, సూస్కోన్రి."

నేను ముందుకొచ్చాను. "నేను పాస్ చేసిన చుట్టలో ఖరాబు ఎక్కడుంది?"

ఆవిడ నా మొహం చూసింది. తర్వాత నా చేతుల వైపు చూసింది. "మీకే ఎర్కుండాలె సార్," అంది.

పొగరు అనుకున్నాను. యజమాని వైపు తిరిగి, డబ్బాలో తూకం మార్చడం ఎంతసేపు అన్నాను. అంతకు ముందోసారి ఆ షెడ్డులో రాగి పోయిందట, ఆ భయం ఆయనకుంది.

"నన్ను పొమ్మంటున్రా సార్?" అడిగింది అక్క.

"పొమ్మంటలేను. విచారణ అయ్యేదాంక..."

"ఇందరి ముంగట సంచి దులిపిచ్చినంక ఇంకేం విచారణ," అని అన్నీ మళ్ళీ సంచీలో సర్దుకుని మల్లాపూర్ దారి పట్టింది. అలా ఆవిడ వెళ్ళిపోవడమే నేరానికి రుజువని ఆ రాత్రి మా ఆవిడకు ఫోన్లో చెప్పాను.

ఆవిడ చోట్లో బకెట్ల యూనిట్టు నుంచి ఒకమ్మాయి వచ్చింది. చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసేది. ఇప్పుడు లారీ ఎక్కే ప్రతి చుట్ట మీదా నా చుక్క భద్రంగా ఉంది. బరువు గ్రాము తేడా లేదు. కంపెనీ మళ్ళీ ఆర్డరిచ్చింది.

రెండు వారాలకు మేనేజరు ఫోను. ఇంత ఘోరమైన సరుకు మొదటి నుంచీ రాలేదన్నాడు. ప్రతి చుట్టలోనూ పై పొరలన్నీ మచ్చలే. ఒక ముక్క కొరియర్లో పంపించాడు.

ముక్కను గాజు బల్ల మీద పరిచాను. గులాబీ రంగులో మెరిసే రాగి మీద కోలగా గోధుమరంగు మచ్చలు. అంచున వరసగా నాలుగు. వాటికి ఎదురుగా కొంచెం పెద్దది ఒకటి. చిల్లులు చూసే భూతద్దం తీసి పెట్టాను. మచ్చల్లో సన్నటి గీతలు, సుడి తిరిగి, ఒకదాని పక్కన ఒకటి. వేలిముద్రలు.

నా బుద్ధి చూడండి. మొదట ఆ కొత్త అమ్మాయి మీదికి పోయింది. తర్వాత మేస్త్రి. ఆ ఇద్దరివీ ఎలా పోల్చాలా అని ఆలోచిస్తూ పెద్ద మచ్చ మీద భూతద్దం జరిపాను. ఆ సుడిని ఒక తెల్లటి గీత ఏటవాలుగా కోసుకుపోతోంది. డిప్లొమా చదివేటప్పుడు వర్క్‌షాపులో రంపం జారి నా కుడి బొటనవేలు తెగింది. ఆ గాటు ఇప్పటికీ ఉంది. వేలును ముక్క పక్కన పెట్టి చూశాను. కళ్ళు మూసుకుని తెరిచి మళ్ళీ చూశాను.

చెమటలో ఉప్పుంటుంది. పల్చటి రాగి మీద ఆ ఉప్పు మెల్లగా పని చేస్తుంది. ముట్టుకున్న రోజున ఏమీ కనబడదు. వారం పది రోజులకు పైకి తేలుతుంది. సీసంతో ఆరేళ్ళు గడిపిన నాకు ఇది తెలియదు. బంద్ వారం షెడ్డులోనే నిలవుండిపోయిన చుట్టలు లారీ ఎక్కే వేళకి అక్కకి కనిపించి ఉంటుంది, అప్పటికి కోసే వ్యవధి లేదు. ఆ తర్వాత నుంచీ నేను లాగి తడిమిన మేర ఆవిడ కోసేసేది. మా కంపెనీకి మంచి సరుకు వెళ్ళింది ఆవిడ కోసి పంపిన విడతలే.

ముక్కను మడిచి జేబులో పెట్టుకున్నాను. ఒప్పుకోవాలి, మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. చడీ చప్పుడూ లేకుండా గ్లౌజులు తొడుక్కుని పని చేశాను. "కంపెనీ వాళ్ళు ఏమన్నరు?" అని యజమాని అడిగితే, "ఇంకా చూస్తున్నారండీ," అన్నాను. ఆ ముక్క చించేస్తే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. కానీ గ్లౌజులు చూసి మేస్త్రి ఒకలా నవ్వినట్టనిపించింది. అందరికీ తెలుసేమో అన్న అనుమానం మొదలైంది. నాలుగో రోజు పొద్దున తొట్టి దగ్గర ఆయన ఒక్కడే ఉన్నప్పుడు అడిగేశాను.

"మేస్త్రీ, అక్క ఎందుకు కోసేదో నీకు తెలుసా?"

"ఎర్కే సార్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన డ్రమ్ము మీద నుంచి చూపు తిప్పలేదు. "చెప్పినం గద సార్. మొదటి దినం కెల్లి చెప్తనే ఉన్నం. మీరు విన్నరా? పైనుంచి తనిఖీకొచ్చిన సారు. నీ చేతులు ఖరాబున్నయి అని మొకం మీద ఎవలంటరు? గట్లంటే, తప్పు మా మీదికెల్లి మీ మీదికి తోస్తున్నం అనరా మీరు?"

అనేవాణ్ణే. తప్పకుండా అనేవాణ్ణి.

"గేటు కాడన్నా నువ్వు చెప్పొచ్చుగా?"

"చెప్దామని నోరు తెరిచిన సార్. ఆర్డర్ పోతదని యజమాని మొకం సూసి ఊకున్న. అది నా తప్పు." అప్పుడు చూశాడు నా వైపు. ఆయన కళ్ళలో నవ్వు లేదు.

ఆ మధ్యాహ్నం యజమాని ముందు ఆ ముక్కా, నా బొటనవేలూ పెట్టాను. ఆయన భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను. "నేను సుత సంచి దులిపించిన కదా," అన్నాడు చివరికి. ఇద్దరం అదే రోజు స్కూటరు మీద మల్లాపూర్ వెళ్ళాం.

రెండు గదుల ఇల్లు. అక్క వాకిట్లో కూర్చుని విస్తరాకులు అచ్చులో పెట్టి నొక్కుతోంది. ఆ పని ఇంటికి తెచ్చుకుని చేస్తోందట. మమ్మల్ని చూసి లేవలేదు. కూర్చోమని కూడా అనలేదు. నేను నిలబడే చెప్పాను. రేకు ముక్క చూపించాను. తప్పు నాదేనని, క్షమించమని అన్నాను.

విస్తరాకు నొక్కి పక్కన పెట్టి అంది, "ఈడ జెప్తే ఎవలిన్నరు సార్? నా ఇంట్ల నాకెర్కనే నేను దొంగను గానని."

"ఏం చేయమంటావమ్మా?"

"సంచి దులిపినప్పుడు ఆ సందుల ఎందరున్నరో, అందరు ఉండాలె."

యజమాని నా వైపు చూశాడు. నేను తలూపాను.

ఆ సోమవారం సాయంత్రం, అదే గేటు, అదే వేళ. బకెట్ల యూనిట్టు వాళ్ళనూ, మందుల కంపెనీ సెక్యూరిటీ అతన్నీ మేస్త్రి పోయి పిలుచుకొచ్చాడు. అక్క రోడ్డుకి అవతల కరెంటు స్తంభం దగ్గర నిలబడింది, లోపలికి రాలేదు. నేను నా తెనాలి యాసలో జరిగింది జరిగినట్టు చెప్పాను. ముక్కను పైకెత్తి చూపించాను. ఎవరో వెనక నుంచి, "ఆంధ్రా సార్ చేతుల్ల ఉప్పెక్కువ," అన్నారు. నవ్వులు. నాకూ నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అక్క మాత్రం నవ్వలేదు. అంతా విని, కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత పనిలోకి వచ్చింది.

వచ్చాక నాతో అవసరమైనంతే మాట్లాడేది. పొద్దున నేను బల్ల దగ్గరికి రాగానే, "చేతులు సూపియ్యున్రి," అనేది. చూపించేవాణ్ణి. మా మేనేజరు ముందు కూడా అంత భయంగా నిలబడి ఎరగను.

కంపెనీకి కూడా ఉన్నది ఉన్నట్టు రాశాను. మచ్చలు నా వల్ల వచ్చాయనీ, ప్యాకింగు ఆవిడ మీద నేను రాసిందంతా తప్పనీ. దానితో అయిపోతుందనుకున్నాను. మేనేజరు ఫోన్ చేసి నిదానంగా అడిగాడు, "ఎవరు రాయించారు ఈ ఉత్తరం?"

"నేనే రాశానండీ."

"అక్కడ నీకు ఇబ్బందిగా ఉందా? బెదిరించారా? గొడవల రోజులు, నాకు తెలుసు."

"లేదండీ. ముద్రలు నావే. చూసుకున్నాను."

"మరి నీకేం ఇచ్చారు?" అన్నాడు.

పది రోజుల్లో కంపెనీ నుంచి ఇంకొకతను దిగాడు. నాకంటే చిన్నవాడు. నాకు సాయంగా పంపారన్నారు. అతను చుట్టల కంటే నన్నే ఎక్కువ చూసేవాడు. మేస్త్రితో మాట్లాడుతుంటే దగ్గరకొచ్చి నిలబడేవాడు. యజమాని టీ తెప్పిస్తే నా గ్లాసు వైపు చూసేవాడు. ఒకరోజు అన్నం తిని వచ్చేసరికి నా సంచీలో వస్తువులు నేను పెట్టిన వరసలో లేవు. నోటుబుక్కు పైన ఉండాల్సింది అడుగున ఉంది. ఎవరికి చెప్పాలి? చెప్పి ఏమనాలి? అక్క టిఫిన్ డబ్బా, మాత్రల పట్టీ నేల మీద పరిచి ఉన్నది కళ్ళ ముందుకొచ్చింది.

నెలకల్లా నన్ను వెనక్కి రమ్మన్నారు. విచారణ అని రాయలేదు. "చర్చించుటకు" అని రాశారు. నేను వెళ్ళి రాజీనామా కాగితం ఇచ్చి వచ్చాను. నాచారం షెడ్డు యజమానిని పని అడిగాను. ఆయన వెంటనే సరే అనలేదు. మేస్త్రినీ అక్కనూ పిలిచి, వాళ్ళ ముందే, "ఈయన్ను పెట్టుకుందామా?" అన్నాడు. మేస్త్రి సరేనన్నాడు. అక్క నా చేతుల వైపు చూసి, "పని తెలిసిన మనిషే. చేతుల మీద ఒక కన్నుంచాలె," అంది. దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాం.

మూడేళ్ళు పైన చేశాను అక్కడ. మా ఆవిణ్ణీ పిల్లవాణ్ణీ ఉప్పల్ తెచ్చుకున్నాను. పాత కంపెనీ ఆర్డర్లు పోయినా, ఇంకో ఇద్దరు చిన్న కొనుగోలుదారులు దొరికారు. కరెంటు కోతలు ముదిరిన ఏడాది నానా అవస్థ పడ్డాం. డ్రమ్ము మధ్యలో ఆగితే ఆ పొరంతా తుక్కే. మేస్త్రి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని కూర్చునేవాడు. చివరికి బయటి దేశపు రేకు మాకంటే చవగ్గా, లోడ్లకొద్దీ రావడం మొదలైంది. యజమాని తొట్టి ఖాళీ చేయించిన రోజు స్కూటరు స్టార్టు చేయకుండా గేటు బయట చాలాసేపు నిలబడ్డాడు. మేస్త్రీ అక్కా చర్లపల్లిలో కేబుల్ ఫ్యాక్టరీకి వెళ్ళారు. నేను ఘట్‌కేసర్ దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు పనికి కుదిరాను.

రాష్ట్రం వచ్చిన కొన్ని వారాలకు ఉప్పల్ స్టేషన్ కట్టే చోట, మెట్రో పిల్లర్ల కింద ట్రాఫిక్కులో చిక్కుకున్న షేర్ ఆటో ఒకటి ఎక్కాను. లోపల అక్క ఉంది. జరిగి చోటిచ్చింది. జుట్టు బాగా నెరిసింది. కేబుల్ ఫ్యాక్టరీ మంచిగనే ఉందని, కొడుకు ఐటీఐలో చేరాడని చెప్పింది. మేస్త్రికి షుగరొచ్చిందట. మా పిల్లవాడు ఏ క్లాసు అని అడిగింది. చెప్పాను.

"ఇంక ఈడనే ఉన్నరా? మీ దిక్కు పోలే?"

"లేదక్కా, పోలేదు. ఇక్కడే ఉంటాం." అక్కా అని ఆవిణ్ణి నేను పిలవడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ అమ్మా అనే అన్నాను.

ఆవిడ ఏదో అంది. వెనక లారీ హారను కొట్టడంతో నాకు సరిగా వినబడలేదు. "మంచిగైంది" అన్నట్టుంది. "మంచిదే" అన్నట్టూ ఉంది. అడుగుదామనుకునేలోపు ఆవిడ దిగాల్సిన చోటు వచ్చింది. సంచీ భుజానికి తగిలించుకుని, వెనక్కి చూడకుండా రోడ్డు దాటింది. నాలుగు రోజులు ఆ మాటను అటూ ఇటూ తిప్పి చూశాను. ఎలా తిప్పినా చెడ్డ అర్థం రాలేదు. అప్పుడు వదిలేశాను.